ఒకే వారం పుట్టిన నాలుగు టైర్లు

టైరు కొనడానికి వచ్చినవాళ్లు ముందు ధర అడుగుతారు. ధర చెప్పాక ఎన్నాళ్లు వస్తుందని అడుగుతారు. ఆయన ఈ రెండూ అడిగేవాడు కాదు. టైరు పక్కన గొంతుక్కూర్చుని, దాని చెంప నిమిరి, "ఈ బిడ్డ ఎబ్బుడు పుట్టినాడప్పా?" అనేవాడు.

మొన్న సోమవారం ఆయన పోయాడు. పక్కింటివాళ్లు ఫోన్ చేసి చెప్పారు. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ పడుకున్నాడట. అంతే. నేను వెళ్లి దండ వేసి వచ్చాను. వచ్చి అంగట్లో కూర్చుంటే ఏ పనీ ముట్టబుద్ధి కాలేదు. ఆయన గురించి రెండు ముక్కలు రాద్దామని ఒక రసీదు వెనక మొదలుపెట్టాను, అది చాలక నోటుబుక్కు తెప్పించాను. రాయడం నా పని కాదు. చిత్తూరులో బెంగుళూరు రోడ్డు పక్కన టైర్ల అంగడి నాది. మా నాయన పెట్టింది.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. మా అంగడి ఆర్డరు పుస్తకంలో కూడా భార్య పేరే రాయించిన మనిషి. "నా పేరెందుకప్పా, నా పేరు మీద ఏది నిలబడింది గనక?" అనేవాడు. మొదట్లో అది వినయం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, భుజాన గుడ్డసంచి. సంచిలో చింతకొయ్యతో చేయించుకున్న చిన్న సుత్తి, ఒక భూతద్దం, సుద్దముక్క. ముందు సుత్తితో టైరును నాలుగు చోట్ల తట్టి చెవి ఆనించేవాడు. తర్వాత ముక్కు పెట్టి వాసన చూసేవాడు. నాకు నవ్వొచ్చేది.

"ఏమంటా ఉండాడు మామా మావోడు? జొరమా?"

"జొరం కాదప్పా, ముసిలితనం. పైకి కనబడనీకుండా ముసిలోడైపోయినాడు."

ఆ తర్వాత భూతద్దం బయటికి వచ్చేది. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ అది ఏడాదిలో ఎన్నో వారం తయారైందో, తర్వాతి రెండూ ఏ ఏడాదో చెబుతాయి. మా అంగడికి వచ్చే లారీల యజమానుల్లోనే సగం మందికి ఆ సంగతి తెలియదు. ఉన్నమాట చెప్పాలంటే, వాళ్లకు తెలియకపోతేనే నాకు సుఖం. ఆయన మాత్రం ఆ అంకెలు పైకి చదివి, వేళ్ల మీద లెక్కపెట్టి, నచ్చకపోతే సుద్దతో టైరు మీద "వద్దు" అని రాసేవాడు. అమ్ముకోవలసిన సరుకు మీద అలా రాస్తే ఎవడికి మండదు? ఆయన వెళ్లాక మా ఫిట్టరు తడిగుడ్డ తీసుకుని తుడుచుకుంటూ కూర్చునేవాడు.

మా అంగట్లో అందరూ కూర్చునేది టైర్ల దొంతుల మీదే. ఆయన కూర్చునేవాడు కాదు. ఎంత బతిమాలినా నిలబడే టీ తాగేవాడు. "మనల్ని మోసేదాని మీద పనిలేకుండా కూసోకూడదప్పా" అని చెప్పి, ఇంకెవరైనా కూర్చుని ఉంటే వాళ్ల కాళ్ల కేసి అదోలా చూసేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి ఆ చూపుకు లేచి నిలబడి, టీ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

ఇంతకూ ఆయనకు కావలసింది నాలుగు టైర్లు, ఒక ఇంటిబండికి.

ఇంటిబండి అంటే మా ఊళ్లో అదొక్కటే. బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో తెలిసినవాళ్ల చేత కట్టించాడు. చిన్న గది అంత ఉంటుంది. ముందు భాగం ఆయన పికప్పు వ్యాను తొట్టిలో బిగించిన కొక్కెం మీద కూర్చుంటుంది. వెనక రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. లోపల ఒక మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మూలన మరుగుదొడ్డి. మంచం పక్కనే వెడల్పాటి తలుపు పెట్టించాడు, పడుకున్న మనిషికి ఆకాశం కనబడాలని. అది ఆయన భార్య కోసం. ఆమెకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఎక్కువసేపు కూర్చోలేదు, కారులో ముడుచుకుని పడుకోలేదు, పరాయిచోట నలుగురు మోసుకుపోతే ఆమెకు ప్రాణం పోయినట్టుంటుంది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆయన.

ఆమెకు ఒకే ఒక్క కోరిక. మంచాన పడ్డ ఆడవాళ్లు కొండకు తీసుకుపొమ్మంటారు, లేదా కాణిపాకం అంటారు. ఈమె రాకెట్టు చూడాలంది. సూళ్లూరుపేట దాటి, రాకెట్టు లేచేచోటికి ఎంత దగ్గరగా పోనిస్తారో అంత దగ్గర నుంచి. ఆ మాట ఆయన చెప్పినప్పుడు నేను పెద్దగా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు.

"ఏం జేస్తామప్పా, ఆమె బుద్ధి అట్లాంటిది. పెండ్లయిన కొత్తలో సినిమాకి పోదామంటే రైలింజను సూసొద్దామనింది."

బండి తయారైంది, రంగు వేశారు, లోపల ఫ్యాను బిగించారు. టైర్ల దగ్గర ఆగిపోయింది. షెడ్డువాళ్లు ఏవో పాత కారు టైర్లు తగిలించి ఇంటిముందు నిలిపారు. వాటి గాడులు చెక్కుచెదరలేదు. పక్కలు మాత్రం ఎండాకాలం మడమల్లా బీటలువారి ఉన్నాయి. వాటిని చూపిస్తూ ఆయన నాకు మొదటి పాఠం చెప్పాడు. "తిరిగే టైరు అరుగుతాది. సెప్పి సస్తాది. నిలబడిన టైరు సెప్పకుండా సస్తాది." నేను ఇరవై ఏళ్లుగా టైర్లు అమ్ముతున్నాను. ఆ మాట నాకు ఏ కంపెనీ మనిషీ చెప్పలేదు.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం వచ్చేవాడు. కారు టైరు చూపిస్తే, దాని పక్కలు మెత్తన, ఇంటిబండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు అడ్డంగా ఈడ్చుకుపోతాయి, తట్టుకోలేదు అనేవాడు. వ్యాను టైరు చూపిస్తే బరువు సరిపోతుందేమో లెక్క చూడాలనేవాడు. లెక్క సరిపోతే రబ్బరు ముసలిది అనేవాడు. రబ్బరు కొత్తదైతే అసలు చిక్కు అప్పుడు వచ్చేది. నాలుగూ ఒకే వారం తయారై ఉండాలి.

"ఒకే ఏడాదైతే సాలదా మామా?"

"సాలదప్పా. నాలుగూ ఒక్క కాన్పులో పుట్టుండాల. ఒగడు పెద్దోడు, ఒగడు సిన్నోడైతే బరువంతా పెద్దోడి మీదేస్తారు. మన ఇండ్లల్లో సూడలేదా?"

నేను ఇంటికి పెద్దకొడుకుని. ఆ మాట నాకు తగిలింది. కానీ నాలుగు టైర్లు, ఒకే కొలత, ఒకే కంపెనీ, ఒకే వారం మా అంగడికి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు ముప్పైరెండో వారానివి వస్తే రెండు ముప్పైతొమ్మిదో వారానివి వస్తాయి. ఏడు వారాల తేడాకు ఆ టైర్లకు ఏమీ కాదు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. తెలిసీ "వద్దు" అని రాసేవాడు.

ఒకరోజు ఒళ్లు మండి అనేశాను. "నువ్వు టైరు కొనేకి వస్తా ఉండావా మామా, సంబంధం సూసేకి వస్తా ఉండావా?"

"సంబంధం తప్పితే ఇడిసిపెట్టొచ్చునప్పా" అన్నాడు. "టైరు తప్పితే?"

ఇలా ఏడాది గడిచింది. రెండో ఏడు నడుస్తోంది. ఈలోగా అక్కడ ఎన్ని రాకెట్లు లేచాయో నేను లెక్కపెట్టలేదు. ఆయన ప్రతిదీ చెప్పేవాడు. వచ్చేవారం ఒకటుందట, అది పోయింది, మళ్లీ రెండు నెలలకు ఇంకొకటుందట. అలా చెబుతూనే ఇంకొక టైరు తట్టేవాడు.

ఆయన చొక్కా జేబులో ఒక కాగితం ఉండేది. బండిలో ఉన్న ప్రతి వస్తువు బరువూ అందులో రాసుకున్నాడు. మంచం ఇంత, పొయ్యి ఇంత, నిండు ట్యాంకు ఇంత, పరుపు ఇంత. అన్నీ కలిపితే ఒక్కో చక్రం మీద ఎంత పడుతుందో కింద రాసుకున్నాడు. చిట్టచివర భార్య బరువు. నెలకోసారి ఆసుపత్రిలో తూచినప్పుడు ఆ అంకె మారేది. పాతది కొట్టేసి పక్కన కొత్తది రాసేవాడు. యాభై ఎనిమిది. యాభై నాలుగు. నలభై తొమ్మిది. ఒక మంగళవారం ఆ కాగితం నా ముందు పరిచి, మళ్లీ లెక్క వెయ్యమన్నాడు. నాకు ఆ రోజు అంగట్లో రద్దీగా ఉంది, తల వేడెక్కి ఉంది.

"మనిషి బరువు తగ్గితే టైరుకు మంచిదే గదా మామా" అన్నాను.

అన్న తర్వాత నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకు వినబడింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. "అవునప్పా, టైరుకి మంచిదే" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు టీ తాగకుండా వెళ్లిపోయాడు. తప్పు నాదే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు దారి కనబడలేదు.

ఆ తర్వాతి ఆదివారం నాకు తోచిన దారి ఒకటే. మా అంగట్లో ఉన్నవాటిలో మంచివి నాలుగు టైర్లు వ్యానులో వేసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. పుత్తూరు రోడ్డులో, మా అంగడికి నాలుగు కిలోమీటర్లు. రెండు ఒక వారానివి, రెండు ఇంకో వారానివి. అయినా సరే, ఎదురుగా నిలబడి బలవంతంగా వేయించేయాలని పోయాను. ఆయన ఇంట్లో లేడు, మందులకు వెళ్లాడు. ఇంటిబండి తలుపు తెరిచి ఉంది. లోపల మంచం మీద ఆమె ఉంది.

"ఎవురది? టైర్లప్పనా? రా నాయనా" అంది. మాట కొంచెం ముద్దగా ఉంది, కానీ తెలుస్తోంది.

"ఇంట్లో పండుకోకుండా ఈడుండావేంది అత్తా?"

"ఎండాకాలం నించి ఇందులోనే ఉండా. ఇల్లయితే యాడికీ పోదు. ఇదైతే ఎబ్బుడో ఒగనాడు కదుల్తాది గదా."

ఆమెది నగరి. పెళ్లికి ముందు మగ్గం నేసేది. ఒకరోజు మగ్గం మీద ఉండగా వీధిలో అరుపులు వినబడి బయటికి పరిగెత్తిందట. ఆకాశంలో తూర్పుదిక్కున తెల్లటి గీత పైకి పోతోంది. "పోగు లాగినట్టుండె నాయనా. తెగకుండా పోతానే ఉండె. సప్పుడు మాత్రం లేదు" అని ఎడమచేత్తో గాలిలో చూపించింది. చూడాలంటే ఇక్కడి నుంచీ కనబడుతుంది గదా, అంత దూరం దేనికి అని అడిగాను.

"సూసేకి కాదు. ఆడ నేల అదురుతాదంట గదా. మా ఊరోడు ఒగడు ఆడ పనికి పోతాడు, వాడు సెప్పినాడు. కాలికింద నేల గడగడమంటాదంట." ఆమె దుప్పటి కింద ఉన్న కుడికాలి కేసి చూసింది. "ఈ కాలికి సూది గుచ్చినా తెలీదు. ఆ అదురు దీనికి తెలుస్తాదేమో, ఒగసారి నేలమీద పెట్టి సూడాల."

  అప్పుడు ఆమే చెప్పింది, ఆయన ఎందుకు అలా ఉంటాడో. ఆయన ఒక ప్రైవేటు బస్సు కంపెనీలో టైర్లు చూసేవాడట. పొద్దున బస్సులు బయల్దేరే ముందు ప్రతి టైరూ తట్టి, బాగుంటే సుద్దతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు లేకపోతే డ్రైవరు బండి తీసేవాడు కాడు. ఆమె తమ్ముడు ఆ కంపెనీలోనే డ్రైవరు. ఒకరోజు పలమనేరు వైపు వెళుతుంటే మొగిలి ఘాటులో ముందు టైరు పేలింది.

"జనానికి దెబ్బలు తగిలినాయి. పోయింది మావోడొక్కడే. టైరు పైకి కొత్తదాని మాదిరే ఉండెనంట. గుర్తు పెట్టింది ఈయప్పే." ఆమె ఎడమచేత్తో దుప్పటి పైకి లాక్కుంది. "నాకు ఈయప్ప మీద కోపం లేదు నాయనా. ఆ పొద్దే లేదు. లేదని ముప్పై ఏండ్లుగా సెప్తానే ఉండా. ఆ మాట ఆయన సెవికెక్కదు. ఇంగ నన్ను ఎక్కించుకునే బండికి గుర్తు పెట్టమంటే ఎట్ల పెడతాడు?"

ఆయన వ్యాను చప్పుడు వినబడింది. ఆమె గొంతు తగ్గించింది. "నేను పొయ్యేలోగా ఏదో ఒగటి ఏసేమని సెప్పప్పా. నీ మాటైతే ఇంటాడు."

ఆయన దిగి, నేను తెచ్చిన టైర్లు చూసి సంబరపడ్డాడు. సంచిలోంచి సుత్తి తీశాడు. తట్టాడు, విన్నాడు, అంకెలు చదివాడు. రెండింటి మీద "వద్దు" అని రాశాడు. బలవంతంగా వేయించాలని వెళ్లిన నేను, ఆ నాలుగూ మళ్లీ వ్యానులోకి ఎత్తుకుని వచ్చేశాను. 

ఇక నేనే వెతకడం మొదలుపెట్టాను. తిరుపతి, వేలూరు, మద్రాసు, నాకు తెలిసిన ప్రతి టైర్ల అంగడికీ ఫోన్లు చేశాను. "నాలుగూ ఒకే వారం ఎందుకయ్యా, గుడికి గానీ ఇస్తావా?" అని ఒకాయన నవ్వాడు. రెండు నెలలు పట్టింది. చివరికి తిరుపతిలో ఒక గోడౌనులో దొరికాయి. బరువు మోసే వ్యాను టైర్లు, గట్టి పక్కలు, నాలుగూ ఒకే వారం, తయారై నిండా ఆరు వారాలు కాలేదు. నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

కబురు చేస్తే మంగళవారం కాకపోయినా వచ్చాడు. గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కటీ తట్టాడు. మామూలు కంటే ఎక్కువసేపు చెవి ఆనించాడు. అంకెలు చదివాడు, ఒకసారి, రెండుసార్లు. సుద్దముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఏమీ రాయకుండా దాన్ని సంచిలో వేసుకుని లేచాడు.

"ఇవి బాగుండాయప్పా" అన్నాడు.

రెండేళ్లలో మొదటిసారి. మా ఫిట్టరు చేతిలో పానా కింద పెట్టేశాడు. నాకైతే ఆయన్ను ఎత్తుకోవాలనిపించింది. రాకెట్టు మూడు రోజుల్లో ఉంది, సాయంత్రం పూట. ఆ మధ్యాహ్నమే బండి తెస్తే గంటలో బిగించేస్తాం, ఎల్లుండి పొద్దున బయల్దేరితే నింపాదిగా చేరుకుంటారు. నేను ఇదంతా లెక్కవేస్తూ ఉంటే ఆయన నా మొహంలోకి చూశాడు.

"ఆడి గదప్పా. ఏమంటావు?"

మాది అరవదేశం అంచు. ఆడి అంటే అరవల ఆషాఢం, ఆ నెలలో ఇక్కడ పెళ్లి చేయరు, గృహప్రవేశం చేయరు, కొత్త బండి తీయరు. మా నాయన ఆడిలో పంచరు వేసేవాడు, పాత టైరు మార్చేవాడు. కొత్తగా ప్రయాణం కట్టే బండికి మాత్రం టైరు ఎక్కించేవాడు కాడు. ఎవరైనా గట్టిగా అడిగితే, తర్వాతి నెల ఆవణి పుట్టనీ అని పంపేసేవాడు. మా నాయన ఉన్నన్నాళ్లూ నేను ఆ పద్ధతిని ఎగతాళి చేశాను. ఆయన పోయాక నేనూ అదే పాటిస్తున్నాను. ఎందుకంటే చెప్పలేను.

ఆడి ఇంకా పద్దెనిమిది రోజులు ఉంది. "ఏం కాదులే మామా, తీసుకురా బండి" అనాలి నేను. ఆ ఒక్కమాట కోసమే ఆమె నన్ను బతిమాలింది. రెండేళ్లు ఆ మనిషిని పిరికివాడని ఆటపట్టించినవాణ్ని. తీరా ఆ నిర్ణయం నా నెత్తిమీద పడేసరికి, ఆమె ఆ మంచం మీద పడుకుని ఉండగా బండి రోడ్డు మీద వేగంగా పోవడం కళ్లముందు కనబడింది. నేను బిగించిన చక్రాల మీద.

"పద్దెనిమిది దినాలే గదా మామా. ఆవణి పుట్టనీ. రాకెట్టు మళ్లీ వస్తాది" అన్నాను.

ఆయన తలూపాడు. అంత తేలిగ్గా తలూపడం నేనెప్పుడూ చూడలేదు. "అట్లనే కానీ" అన్నాడు. నాలుగు టైర్లనూ లోపల ఎండ తగలని చోట ఆయనే ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, పైన గోనెపట్టా కప్పి వెళ్లాడు.

మూడోరోజు సాయంత్రం జనం అంగళ్లలోంచి రోడ్డు మీదికి వచ్చి తూర్పుకు చూశారు. నేనూ వచ్చాను. మబ్బు లేదు. సన్నటి తెల్లగీత ఒకటి పైకి పోతోంది. ఫోన్ మోగింది.

"సూస్తా ఉండావాప్పా?"

"సూస్తా ఉండా మామా."

"ఈమె కూడా సూస్తా ఉండాది. తలుపు తీసిపెట్టినా. వేలంత కనబడతా ఉండాది." అవతల ఆమె ఏదో అంటోంది. ఆయన విని నాకు చెప్పాడు. "కాలు కింద పెట్టించుకునింది. ఏమీ తెలీలేదంట. ఈడికి యాడ వస్తాది? అయినా బాగుండాదంట. నీకు సెప్పమనింది."

ఇంకో నాలుగు రోజులకు ఆమె పోయింది. పక్షవాతం రెండోసారి వచ్చింది, ఆసుపత్రి దాకా కూడా పోలేదు. నేను వెళ్లాను. ఆయన వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేస్తున్నాడు. నన్ను చూసి నాకూ ఒకటి వేశాడు. నేను కూర్చోలేదు.

ఆవణి మొదటిరోజు, కర్మ ముగిసిన మర్నాడే, పొద్దున తొమ్మిదింటికి మా అంగడి ముందు ఇంటిబండి ఆగింది. ఆయనే తోలుకొచ్చాడు, నాలుగు కిలోమీటర్లూ మనిషి నడిచినంత నెమ్మదిగా, ఆ బీటలువారిన పాత టైర్ల మీద. వెనక ఎన్ని బండ్లు హారన్లు కొట్టి ఉంటాయో. తలకు గుండు. భుజాన సంచి లేదు.

"ఆవణి పుట్టిందప్పా" అన్నాడు. "ఏసెయ్."

మా ఫిట్టరు నా కేసి చూశాడు. నేను తలూపాను. జాకీలు పెట్టి నాలుగూ బిగించాం. ఆయన ఏ టైరూ తట్టలేదు, చెవి పెట్టలేదు, పక్కకు కూడా రాలేదు. రోడ్డు అంచున నిలబడి పోయే వచ్చే లారీలు చూస్తూ ఉన్నాడు. పని అయ్యాక నేను ఆయన దగ్గరికి వెళ్లాను. పన్నెండు రోజులుగా దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

"నన్ను తిట్టు మామా. ఆ పొద్దు నేను వద్దనకుంటే ఆమె రాకెట్టు కాడికి పొయ్యుండు."

"నువ్వేం జేస్తివప్పా?" అన్నాడు. "మీ నాయన ఆడిలో టైరెయ్యడని ఈ ఊర్లో నాకు తెలీదా? నువ్వు వద్దంటావని తెలిసే అడిగినా. అడిగింది నేను."

నా తప్పు కాదని చెబుతున్నాడు. మనస్ఫూర్తిగానే చెబుతున్నాడు. ఎంత చెప్పినా అది నాకు ఎక్కదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.  కళ్లు తుడుచుకుందామంటే చేతులకు నల్లటి మట్టి.

ఆయన బండి చుట్టూ ఒకసారి నడిచాడు. వెడల్పాటి తలుపు తీసి లోపలికి చూశాడు. మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది. తలుపు వేసి, వ్యాను ఎక్కి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజను వేశాడు. మళ్లీ ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అప్పా, ఇబ్బుడు ఎంత దూరమైనా పోతాది గదా ఇది?"

"పోతాది మామా. యాడికైనా పోతాది."

"యాడికి పోదును?" అన్నాడు.

అది ఊరికే అన్న మాట కాదు. నిజంగానే అడిగాడు, టైరు సంగతి అడిగినట్టు, జవాబు నా దగ్గర ఉంటుందన్నట్టు. నేను చెబుతానని నా కేసి చూశాడు. ఎడమవైపు తిరుపతి రోడ్డు, అక్కడి నుంచి కాళహస్తి, సూళ్లూరుపేట. నేను ఆ రోడ్డు కేసి చూశాను. ఆయన బండి ఇంటివైపు తిప్పుకుని, వచ్చినంత నెమ్మదిగానే పోయాడు.